రోడ్డు సైకిలు భాగాలు - ఎంపిక, సంరక్షణ

రోడ్డు సైకిలు అనగా ప్రధానంగా తారురోడ్లపై ప్రయాణించుటకు అనువుగా తయారుచేయబడిన సైకిలు. సన్నని టైర్లు, తక్కువ బరువు, క్రిందికి వంగిన హ్యాండిలు, అనేక గేర్లు దీని ముఖ్య లక్షణాలు. తెలుగునాట దశాబ్దాలుగా వాడుకలో ఉన్న బరువైన నల్ల సైకిలుకు గేర్లు లేకపోయినా, రెండింటి మూలసూత్రాలు ఒకటే. భాగాల ఎంపికలోనూ, సంరక్షణలోనూ జరిగే పొరపాట్లు ఖర్చును పెంచడమే గాక ప్రమాదాలకు కూడా దారితీస్తాయి. ఈ వ్యాసంలో హుజూర్‌నగర్ పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాలు వివరించబడినవి.

ప్రాంతీయ పరిస్థితులు

హుజూర్‌నగర్ 2016 అక్టోబరు వరకు నల్గొండ జిల్లాలో ఉండి, జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట జిల్లాలో చేరింది. ఇది మిర్యాలగూడ - కోదాడ రహదారిపై ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద వరి విస్తారంగా పండుతుంది. సున్నపురాయి నిక్షేపాల వలన మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. కనుక ఇక్కడి సైకిలుకు ముఖ్యంగా మూడు ఇబ్బందులు కలవు: వేసవిలో దుమ్ము, వానాకాలంలో పొలాల బురద, ఏడాది పొడవునా తుమ్మముళ్ళు.

భాగాల ఎంపిక

* ఫ్రేము: నల్ల సైకిళ్ళకు సాధారణంగా 22, 24 అంగుళాల ఫ్రేములు లభిస్తాయి. సీటు ఎత్తుకు అమెరికా పోటీదారుడు గ్రెగ్ లెమాండ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన లెక్క ఒకటి ఉంది. కాలి లోపలి పొడవును 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు నుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం వస్తుంది. కాలి పొడవు 80 సెం.మీ. అయితే ఈ దూరం సుమారు 70.6 సెం.మీ. ఇది ఆరంభానికి ఒక అంచనా మాత్రమే. తరువాత సౌకర్యాన్ని బట్టి సరిచేసుకోవాలి.
* టైర్లు: నల్ల సైకిలు టైరు కొలత 28 x 1 1/2 అంగుళాలు, దాని రిమ్ము వ్యాసం 635 మి.మీ. నేటి రోడ్డు సైకిలు రిమ్ము వ్యాసం 622 మి.మీ. ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. గతుకులు, ముళ్ళు ఉన్న దారులకు 23 మి.మీ. కంటె 28 లేక 32 మి.మీ. టైరు మేలు. అయితే అంత వెడల్పు టైరుకు ఫోర్కులోనూ, బ్రేకు క్రిందనూ చోటు ఉన్నదో లేదో ముందుగా చూడాలి.
* గేర్లు: ముందు పళ్ళచక్రంలో 44, వెనుక ఫ్రీవీలులో 18 పళ్ళు ఉన్న నల్ల సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు 5.5 మీటర్లు సాగుతుంది. ముందు 50, 34 పళ్ళు, వెనుక 11 నుండి 32 పళ్ళు ఉన్న రోడ్డు సైకిలులో ఇదే దూరం 2.2 నుండి 9.5 మీటర్ల వరకు మార్చుకోవచ్చును. ఎదురుగాలిలోనూ, ఎత్తులోనూ ఉపయోగపడేది చిన్న గేరే.
* బ్రేకులు: ఇనుప రిమ్ము తడిసినప్పుడు బ్రేకు పట్టు బాగా తగ్గిపోతుంది. అల్యూమినియం రిమ్ము ఇంతకంటె నయం. డిస్కు బ్రేకుపై బురద ప్రభావం తక్కువ. కాని ఖర్చు ఎక్కువ.

గేర్ల సామగ్రి తయారీలో జపానుకు చెందిన షిమానో (1921), ఇటలీకి చెందిన కాంపగ్నోలో (1933), అమెరికాకు చెందిన స్రామ్ (1987) ప్రసిద్ధమైనవి. వేరువేరు సంస్థల భాగాలు అన్నివేళలా ఒకదానితో ఒకటి కుదరవు. 8 గేర్ల చైను 11 గేర్ల సైకిలుకు పనికిరాదు. కావున కొత్త భాగం కొనేటప్పుడు పాతదానిని దుకాణానికి తీసుకువెళ్ళి సరిచూసుకొనుట మంచిది.

సంరక్షణ

చైను: దుమ్ము, నూనె కలిసినప్పుడు సానపట్టే ముద్దవలె మారి చైను కీళ్ళను అరగదీస్తుంది. అందువలన మురికిపై మళ్ళీ నూనె పోయడం మేలు కంటె కీడే ఎక్కువ చేస్తుంది. ముందు గుడ్డతో తుడిచి, కీలుకు ఒక్కొక్క చుక్క నూనె వేసి, కొంతసేపటి తరువాత పైన మిగిలిన నూనెను తుడిచివేయాలి. కొత్త చైనులో 24 కీళ్ళ పొడవు సరిగ్గా 12 అంగుళాలు. ఇది అంగుళంలో 16వ వంతు పెరిగితే చైను మార్చాలి. 8వ వంతు పెరిగేవరకు ఉపేక్షిస్తే ఫ్రీవీలు పళ్ళు కూడా అరిగి, రెండూ మార్చవలసి వస్తుంది.

గాలి: టైరు ప్రక్కన ముద్రించిన పరిమితిని అనుసరించాలి. ఎండలో ఉంచితే టైరు పగులుతుందనే భయం సాధారణం. 25 డిగ్రీల వద్ద 60 పాయింట్లు నింపిన గాలి 45 డిగ్రీల వద్ద సుమారు 65 అవుతుంది. మంచి టైరుకు ఇది ప్రమాదం కాదు. అయితే ఏళ్ళ తరబడి ఎండ తగిలి బీటలు వారిన టైరు మాత్రం నమ్మదగినది కాదు. పంక్చరు వేసిన తరువాత టైరు లోపల చేయి జాగ్రత్తగా తిప్పి, ముల్లు మిగిలి ఉన్నదేమో చూడాలి.

పెడళ్ళు: ఎడమ పెడలు మరకు వ్యతిరేక దిశలో ఉంటుంది. బలవంతంగా తప్పుదిశలో త్రిప్పితే క్రాంకు మర పాడవుతుంది.

బేరింగులు: బురద నీటిలో నడిపిన సైకిలుకు వానాకాలం ముగియగానే ఓవరాలింగు చేయించాలి. హబ్బులలోని గుండ్లను కడిగి, అరిగినవి మార్చి, కొత్త గ్రీజు పెట్టాలి.

బయలుదేరే ముందు పరీక్ష

* రెండు బ్రేకులనూ విడివిడిగా గట్టిగా పట్టి సైకిలును ముందుకు తోయాలి. చక్రం కదలరాదు.
* బ్రేకు రబ్బర్లు రిమ్ముకే తగలాలి. టైరుకు తగిలితే అది కోసుకుపోతుంది.
* బ్రేకు తీగలో ఒక్క పోగు తెగినా తీగ మొత్తం మార్చాలి.
* చక్రాల నట్లు, హ్యాండిలు బిగుతుగా ఉండాలి.
* వెనుక ఎర్ర రిఫ్లెక్టరు శుభ్రంగా ఉండాలి. సిమెంటు, ధాన్యపు లారీలు తిరిగే దారిలో రాత్రివేళ దీపం కూడా తప్పనిసరిగా ఉండాలి.

ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలును. చైను తెగితే ప్రయాణం ఆగిపోతుంది. బ్రేకు తీగ తెగితే ప్రాణాలకే ముప్పు. కావున డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు గేర్ల కంటె ముందుగా బ్రేకులు, టైర్లపై ఖర్చు చేయుట ఉత్తమం.