పద్యమును విప్పి చదువుట

పద్యమును పిల్లలచేత నెట్లు చదివింపవలెనను విషయమును గూర్చి నేఁడు మీతో ముచ్చటింపఁదలఁచితిని. ఇది బడిపంతుళ్లకు మాత్రమే సంబంధించిన మాట యని మీరు తలంపవలదు. మీలోఁ బెక్కురు అరుగులమీఁదఁ గూర్చుండి భాగవతమును జదివినవారు, చదువఁగా విన్నవారు. ఆ యలవాటు వెనుక నొక గొప్ప బోధనపద్ధతి యున్నది. దాని చరిత్రమును కొంత చెప్పి, నేను చేసిన యొక తప్పును గూడ మీ యెదుట నొప్పుకొందును.

మన పూర్వులు కావ్యమును జెప్పునపుడు మొదట శిష్యునిచేత పద్యమును వల్లె వేయించెడివారు. పిమ్మట పదవిభాగము, ప్రతిపదార్థము, అన్వయము, కడపటఁ దాత్పర్యము. అన్వయము రెండు విధములు. కర్తను, వాని విశేషణములను ముందుంచి క్రియను చివరఁ జేర్చి వచనముగాఁ గూర్చుట దండాన్వయము. క్రియను ముందుగాఁ బట్టుకొని, ఎవఁడు? దేనిని? ఎట్టివాఁడై? అని ప్రశ్నించుచు నొక్కొక్క పదమును రాఁబట్టుట ఖండాన్వయము. ఈ రెండవదియే పిల్లవాని బుద్ధికి సాన పట్టునది. ఏలయన, ప్రశ్నకు జవాబు పద్యములోనే దొరకవలెను. గురువుగారి ముఖములో వెదకినఁ దొరకదు.

ఈ పద్ధతికి మకుటాయమానుఁడు కోలాచల మల్లినాథసూరి. మెదకు ప్రాంతమునందలి కొల్చారము ఆయన యింటిపేరునకు మూలమని చెప్పుదురు. కాళిదాసుని మూఁడు కావ్యములకు సంజీవనియను పేర వ్యాఖ్య వ్రాసెను. చెడ్డ వ్యాఖ్యానముల విషముచేత మూర్ఛిల్లిన కాళిదాసుని వాక్కును బ్రతికించుటకే దానిని వ్రాయుచున్నానని చెప్పుకొనెను. అన్వయమార్గముననే సమస్తమును వివరింతుననియు, మూలములో నాధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు నియమము పెట్టుకొనెను. పద్యమును బోధించువారెల్లరు గోడమీఁద వ్రాసికొనఁదగిన నియమమిది.

తెలుఁగు కావ్యములకు ఇట్టి సేవ జరుగుటకుఁ దోడ్పడినవారిలో సి.పి. బ్రౌను దొర ముఖ్యుఁడు. ఆయన 1820లోఁ గడపకు వచ్చెను. అటుపిమ్మటఁ దన సొంత సొమ్ముతోఁ బండితులకు జీతములిచ్చి, తాళపత్రప్రతులను బోల్చి చూపించి, పాఠములను నిర్ణయింపించెను. జూలూరి అప్పయ్య పండితుని వ్యాఖ్యతో వసుచరిత్రము 1844లోను, మనుచరిత్రము 1851లోను అచ్చుపడినవి. కవి యే మాట వ్రాసెనో తేలినఁగదా, దాని యర్థము తేలుట!

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడెను. పరీక్షలు పెరిగినవి. పరీక్షకుఁ గావలసినది తాత్పర్యము. క్రమముగా నన్వయము వెనుకఁబడినది; తాత్పర్యమొక్కటియే బట్టీ పట్టఁదగినదై మిగిలినది. పండు తినకయే రుచి వర్ణించు విద్య యలవడినది.

ఈ జబ్బు మనకే పరిమితము కాదు. ఇంగ్లండులోఁ గేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఐ.ఎ. రిచర్డ్సు అను నాచార్యుఁడు విద్యార్థులకుఁ గవిపేరు, కాలము తెలుపక కొన్ని పద్యములనిచ్చి, తోఁచినది వ్రాయుఁడని కోరెను. ఆ ఫలితములను 1929లోఁ బ్రకటించెను. ప్రసిద్ధకవుల పద్యములను బలువురు తృణీకరించిరి, సామాన్యమైనవానిని మెచ్చుకొనిరి. ఆయన యెత్తి చూపిన పది చిక్కులలో మొదటిది, పద్యమునకు నేరైన యర్థమును గ్రహింపలేకపోవుట! అనఁగా అన్వయము కుదరకపోవుటయే.

ఇఁక నా తప్పు. పోతనగారి గజేంద్రమోక్షములో శ్రీహరి వైకుంఠమునుండి బయలుదేరు పద్యము మీకందఱికిఁ గంఠస్థమే. నేను బడిలో దానిని చెప్పుచు, "దయచేత భగవంతుఁడు తొందరగా వెడలెను" అని తాత్పర్యము వ్రాయించి ముగించితిని. అప్పుడొక బాలుఁడు లేచి, "అయ్యవారూ, ఇందులో ఆయన చేసిన పని యొక్కటియు లేదేమి? అన్నియు చేయని పనులే గదా!" అనెను. పరీక్షలో నా ప్రశ్న రాదని కూర్చుండఁబెట్టితిని. వాఁడు మరల నా తరగతిలో నోరు తెఱవలేదు.

కొన్నాళ్లకు నాకై నేనా పద్యమును ఖండాన్వయముగాఁ జదివికొంటిని. ఆఱు క్రియలున్నవి, ఆఱును వ్యతిరేకార్థకములే. లక్ష్మితోఁ జెప్పకపోవుట, శంఖచక్రములను ధరింపకపోవుట, పరివారమును బిలువకపోవుట, గరుత్మంతుని సిద్ధపఱుపకపోవుట, జాఱిన జుట్టు సవరించుకొనకపోవుట. ఈ యైదును చేయవలసి యుండియుఁ జేయనివి. ఆఱవది వేఱు. చేతఁ జిక్కిన లక్ష్మి చెఱఁగును విడువకపోవుట! చేయుటకుఁ దీఱిక కావలయును. విడుచుటకు వ్రేళ్లు సడలించినఁ జాలును. దానికిని దీఱిక లేకపోయెను. "కూడ" యను నర్థమునిచ్చు చిన్న మాటను గవి యచ్చటనే పెట్టెను. కర్త పేరు పద్యములో లేదు. ఏనుఁగు ప్రాణములఁ గాచు నుత్సాహమను కారణమో, చిట్టచివర వచ్చును. అంతవఱకు మనమును ఏలయని యడుగుచు ఆయన వెనుకఁ బరుగెత్తవలసినదే. తొందర యను మాట పద్యములో లేదు. తొందర మాత్రము పద్యమంతట నున్నది. ఆ బాలుఁడు ద్వారమువఱకు వచ్చెను. నేను తలుపు మూసితిని.

మఱుసటి యేఁట వేఱొక తరగతికి దీనినే చెప్పితిని. ఈసారి ప్రశ్నలు మాత్రమే వేసితిని. ఒక బాలిక, "ఏనుఁగు కథ గనుక మత్తేభవృత్తము వ్రాసినారు" అనెను. మత్తేభమనఁగా మదపుటేనుఁగే గదా! తెలివియైన యూహ. దానినిఁ ద్రోసివేయక, మఱి యే సందర్భములలో నీ వృత్తమున్నదో చూడుమంటిని. రెండు దినములకు వచ్చి, "యుద్ధములోను నున్నది, వర్ణనలోను నున్నది; నా మాటకు నాధారము చాలదు" అని తానే చెప్పెను. మల్లినాథుని నియమమును నేను చెప్పకయే యాపిల్ల కనుఁగొన్నది.

పెద్దలారా, మీ గ్రామములలోఁ బద్యములు కంఠస్థములైన చివరి తరము మీరే కావచ్చును. మనుమలను జేరఁబిలిచి, వారమున కొక్క పద్యము చాలును, చదివింపుఁడు. తాత్పర్యము చెప్పకుఁడు. క్రియ యేదని యడుగుఁడు. కర్త యెవఁడని యడుగుఁడు. ఈ మాట యిచ్చటనే యేల యని యడుగుఁడు. మీకుఁ దెలియని ప్రశ్న బిడ్డ యడిగినచో, "నాకును దెలియదు, పద్యమునే యడుగుదము రమ్ము" అనుఁడు. నేనానాఁడు ఆ మాట యనలేకపోయితిని. సెలవు.