హిమేజీ కోటలో పడమటి స్తంభం

జపాన్‌లో హిమేజీ కోటకు వచ్చినవాళ్లంతా తెల్లటి గోడలకు ఫోటోలు తీస్తుంటే, నా చూపు పునాది మీదికి పోయింది. కట్టడాల పనిలో తలనెరిసిన ఇంజనీరుకు అంతకన్నా ఏం కంటపడుతుంది?

పునాది గోడల్లో పాత సమాధుల రాతి పేటికలు కూడా ఉన్నాయి. 1580 ప్రాంతంలో సేనాని హిదెయొషి ఇక్కడ మూడంతస్తుల కోట కట్టిస్తున్నప్పుడు రాళ్లకు కటకట వచ్చిందట. ఓ ముసలమ్మ తన తిరగలి రాయి ఇచ్చిందని కథ. ఆ రాయి ఇదేనంటూ వల కట్టి మరీ చూపిస్తారు. సిమెంటు లారీ కోసం పడిగాపులు కాసినవాణ్ని కనక నేను ఆ కథ నమ్మేశాను.

ఇప్పుడున్న కోట షోగన్ (సైనిక పాలకుడు) తొకుగవా ఇయెయసు అల్లుడు ఇకెదా తెరుమసా కట్టించింది. 1601లో మొదలై 1609లో ముగిసింది. బయటికి అయిదంతస్తులు కనిపిస్తాయి, లోపల ఆరు, కింద నేలమాళిగ. శత్రువు దారి తప్పేలా మెలికలు తిరిగిన బాటలు, గోడల నిండా గుండ్రంగా, మూడు మూలలుగా, చదరంగా తుపాకులకూ బాణాలకూ రంధ్రాలు. ఇంతా చేస్తే ఈ కోట దగ్గర పెద్ద యుద్ధమేదీ జరగలేదు. దాన్ని వంచింది దాని బరువే. అయిదు వేల టన్నులకు పైబడిన కట్టడం మెత్తటి నేలలోకి దిగి ఆగ్నేయానికి ఒరిగింది. ఆ ఒరుగును పెళ్లాం ఎత్తిచూపితే, పెద్ద వడ్రంగి సకురాయ్ గెంబెయ్ ఉలి నోట కరుచుకుని పైనుంచి దూకేశాడని చెబుతారు. కథే కావచ్చు. నేల కుంగితే వడ్రంగి ఏం చేస్తాడు పాపం! తప్పు పునాదిది, ఉరి పనివాడికి. ఇది మా వృత్తిలో కొత్తేమీ కాదు.

షోగన్‌ల పాలన పోయి మేజీ ప్రభుత్వం వచ్చాక కోటలు ఎవరికీ అక్కర్లేనివయ్యాయి. దీన్ని వేలంలో 23 యెన్‌ల 50 సెన్‌లకు అమ్మారనీ, కూల్చే ఖర్చు అంతకు మించుతుందని కొన్నవాడు వదిలేశాడనీ అంటారు. కాపాడమని 1878లో పైవాళ్లకు అర్జీ పెట్టింది నకమురా షిగెతో అనే సైన్యాధికారి. 1945 జులైలో బాంబులకు చుట్టూ ఊరు కాలిపోయినా కోట మిగిలింది.

అసలు మరమ్మతు 1956 నుంచి 1964 దాకా జరిగింది. కోటను విప్పి, కింద కాంక్రీటు పునాది పోసి, మళ్లీ నిలబెట్టారు. భారం మోసేవి దాదాపు 25 మీటర్ల ఎత్తున్న రెండు మహాస్తంభాలు. తూర్పుదానికి పుచ్చిన మొదలు మటుకు మార్చారు. పడమటిదాన్ని పూర్తిగా మార్చాల్సి వచ్చింది. కిసో అడవిలో హినోకి మాను దొరికింది కానీ, తెచ్చేటప్పుడు విరిగిపోయింది. చివరికి రెండు మానులు కలిపి అతికారు. పై ముక్క కసగతా గుడి ఆవరణలోని చెట్టు.

2015లో ముగిసిన మరో మరమ్మతు తర్వాత గోడలు మరీ తెల్లగా ఉన్నాయని కొందరు సణిగారు. సున్నం నాలుగు వానలు పడితే దానంతటదే సర్దుకుంటుంది.

మీరు వెళితే చెప్పులు సంచిలో వేసుకుని, నిటారు మెట్లెక్కుతూ మూడో అంతస్తులో ఆగండి. పడమటి స్తంభం అతుకు అక్కడే ఉంది. పై అంతస్తు కిటికీలోంచి ఊరు చూడ్డం ఆ తర్వాత.