కుందేళ్లను మేల్కొలిపిన మందు

సర్పగంధ యను మొక్క వేరును మన వైద్యులు ఉన్మాదమునకు తరతరములుగా వాడుచు వచ్చిరి. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాని గుణములను వివరించుచు ఒక వ్యాసము ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు రసాయనజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. అది రోగిని శాంతపరచుట కనబడుచునే యుండెను. ఎట్లు శాంతపరచునో మాత్రము తెలియరాలేదు. ఆ రహస్యమును వెదకబోయిన స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్‌కు మరియొక పెద్ద నిధి దొరకెను.

కార్ల్‌సన్ 1923లో ఉప్సాలా నగరమున జన్మించి, లుండ్ విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను. 1957లో ఆయనయు, సహచరులును కుందేళ్లకు రిసర్పిన్ నిచ్చిరి. అవి కదలక మెదలక పడియుండెను. పిదప ఎల్-డోపా అను పదార్థమును ఎక్కింపగా, కొద్ది నిమిషములలోనే లేచి తిరుగసాగెను! అయితే వాని మెదళ్లలో నారడ్రినలిన్ పెరుగలేదు. పెరిగినది డోపమిన్. అంతవరకు శాస్త్రజ్ఞులు డోపమిన్‌ను నారడ్రినలిన్ తయారగుటకు ఒక మెట్టుగా మాత్రమే ఎంచియుండిరి. శరీరపు కదలికలను నడపు మెదడు భాగములందే అది మెండుగా నున్నదని త్వరలోనే తేలెను. కంపవాతమునకు మూలము ఇచ్చటనే యుండునని కార్ల్‌సన్ ఊహించెను.

1960లో లండనున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆయన ఈ సంగతి చెప్పగా పెద్దలు పలువురు సందేహించిరి. నాడీకణములు రసాయనముల మూలమున సందేశములు పంపుకొనుట మెదడునందు కూడ జరుగునని నమ్ముటకు వారు సిద్ధముగా లేరు. కాని ఆ యేడే వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిజ్ అనువారు కంపవాతముతో మరణించినవారి మెదళ్లను పరీక్షించి, డోపమిన్ మిక్కిలి తగ్గియుండుట కనుగొనిరి. 1961లో రోగులకు ఎల్-డోపా ఇచ్చిచూచిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ దానిని హెచ్చు మోతాదులలో నోటిద్వారా ఇచ్చి సత్ఫలితములు సాధించెను.

1963లో కార్ల్‌సన్, మార్గిట్ లిండ్‌క్విస్ట్ మరియొక ఊహ వెలిబుచ్చిరి. సందేశము నందుకొను కణమునకు గ్రాహకములు కలవు. అవి తాళములవంటివి, డోపమిన్ తాళపుచెవి వంటిది. ఉన్మాదమును తగ్గించు మందులు ఈ తాళములలో చొచ్చి, చెవి దూరకుండ అడ్డుపడునని వారి భావము. తరువాతి దశకమున ప్రయోగములు దీనిని బలపరచెను. 2000లో కార్ల్‌సన్‌కు పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌లతోపాటు నోబెల్ బహుమానము లభించెను. 2018లో, 95వ యేట ఆయన కీర్తిశేషుడయ్యెను.

కథ అంతటితో ముగియలేదు. ఎల్-డోపాను డోపమిన్‌గా మార్చు కిణ్వమునకు సంబంధించిన జన్యువు లోపముతో అరుదుగా కొందరు శిశువులు జన్మింతురు. వారు తల నిలుపలేరు. మార్చవలసిన కిణ్వమే కొరవడుటచే ఎల్-డోపా కూడ వారిని లేపజాలదు. వైద్యులు సరియైన జన్యువును నిరపాయకరమైన వైరస్‌లో నుంచి, కపాలమున సన్నని రంధ్రములద్వారా మెదడులోనికి పంపిరి. తైవాను వైద్యులు నలుగురు పిల్లలకు జరిపిన ఇట్టి చికిత్స ఫలితములను 2012లో ప్రకటించిరి. చికిత్స పొందిన పిల్లలలో కొందరు తల నిలిపి కూర్చుండగలిగిరి. ఈ పద్ధతికి 2022లో ఐరోపా సమాఖ్య, 2024లో అమెరికా అనుమతి నిచ్చెను.

కుందేళ్లు ఏల లేచినవని 1957లో ఒకడు ఓపికతో విచారించినందుననే, కదలలేని శిశువుకు కావలసినది డోపమిన్ అని నేటి వైద్యునికి తెలిసినది.