గూడు మూసిన చేతుల చరిత్ర

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదని, తన కుంపటి లేకపోతే ఎవరింట్లోనూ పొయ్యి రాజదని నమ్మిన ముసలమ్మ మీద మనకో సామెత ఉంది. ఎవరైనా కాస్త గొప్పలు పోతే "నీ కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదా?" అని ఇప్పటికీ అంటాం. ముసలమ్మ అమాయకత్వాన్ని చూసి నవ్వడానికి పుట్టిన సామెత అది. కానీ ఆమెకున్న ఆస్తి ఏమిటో ఒకసారి చూడండి. కథలో ఆమెకు భూమి ఉన్నట్టు లేదు, గొడ్డూ గోదా ఉన్నట్టు లేదు. ఉన్నవి ఒక కోడి, ఒక కుంపటి. రెండూ రాత్రి కనిపెట్టుకుంటే తప్ప తెల్లారేసరికి మిగలనివి. నిప్పును బూడిద కింద కప్పాలి. కోడిని గంప కింద కమ్మాలి. పొద్దున కూత, పొద్దున నిప్పు ఊరందరికీ తెలిశాయి. రాత్రి కప్పిన చెయ్యి, కమ్మిన చెయ్యి మాత్రం సామెతలోకి రాలేదు.

సామెతలోకే కాదు, చరిత్రలోకీ రాలేదు. పెరటి కోళ్ళను రాత్రిపూట కాపాడటం అనే పని స్త్రీల చరిత్రలో ఎక్కడ ఉంది, ఎందుకు కనపడకుండా పోయింది అని అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు హైదరాబాద్ తూర్పు అంచునున్న ఉప్పల్, నాచారం ప్రాంతాన్ని తీసుకుంటున్నాను. పల్లె పారిశ్రామికవాడగా, పారిశ్రామికవాడ మహానగరంగా మారడం ఒకే చోట కనిపించే ప్రాంతమిది.

అసలు రాత్రే ఎందుకు? కోడికి పగలు మనకంటే ఎక్కువ రంగులు కనిపిస్తాయి. వెలుగు తగ్గితే దాదాపు ఏమీ కనపడదు. రేచీకటి దాని పుట్టుకలోనే ఉంది. దాని పూర్వీకురాలైన అడవికోడి అందుకే చీకటి పడకముందే చెట్టెక్కి కొమ్మ పట్టుకుంటుంది. పెంపుడు కోడికి ఆ కొమ్మకు బదులు మనిషి గూడు కట్టాడు అని పుస్తకాలు రాస్తాయి. "మనిషి" అనే ఆ మాట వెనక ఎవరున్నారో రాయవు. మన ఇళ్ళలో గూడు అలికిందీ, మూసిందీ, తెరిచిందీ ఎక్కువగా ఆడవాళ్ళే.

ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు, దక్షిణాన మూసీ, మధ్య మధ్య రాతిగుట్టలు, తాటిచెట్లు, వరిమళ్ళు... ఇలాంటి నేల మీద కోడికి శత్రువులు ఎక్కువ. చెరువుగట్టు తుంగలో, పొదల్లో తిరిగే అడవిపిల్లి. తాటిచెట్ల మీదా ఇళ్ళ కప్పుల్లోనూ కాపురముండే మానుపిల్లి. గుట్టల చాటున నక్క. గుడ్లకూ పిల్లలకూ పాము. గోడ కింద బొరియ తవ్వుకుని గూట్లోకి వచ్చే పందికొక్కు. పగలైతే గద్ద, కాకి, ముంగిస. ఒక్కొక్కటీ ఒక్కో దారిన వస్తుంది కాబట్టి ఒక్క ఉపాయం అన్నింటికీ పనిచేయదు. మానుపిల్లికి పైకప్పు గట్టిగా ఉండాలి. పందికొక్కుకు నేల గట్టిగా ఉండాలి. పాముకు సందు ఉండకూడదు. నక్కకూ కుక్కకూ తలుపు గట్టిగా ఉండాలి. లోపలికి దూరిన జంతువు ఒక కోడితో సరిపెట్టుకోదు. తప్పించుకునే దారిలేక కోళ్ళన్నీ కొట్టుకుంటుంటే దొరికినదాన్నల్లా చంపి, తినగలిగింది తిని, మిగతావి వదిలేసి పోతుంది. అంటే ఒక్క రాత్రి మరుపు ఏడాది సంపాదనను తుడిచిపెట్టగలదు.

దీనికి తెలంగాణ ఇళ్ళలో కుదిరిన పద్ధతి సాదాసీదాది. పిల్లలకోడికి మేదరి వాళ్ళు అల్లిన వెదురు గంప, దాని మీద బరువుకు రాయి. మిగతావాటికి గోడకు ఆనించి కట్టిన మట్టిగూడు, అడుగున బండ పరుపు, వాకిలికి ఒక షాబాద్ బండ. పొద్దు వాలుతుండగా నూకలు చల్లి "బో... బో..." అని పిలవడం, గూట్లోకి వెళుతుంటే లెక్కపెట్టడం, తక్కువైతే ఇంటింటికీ తిరిగి వెతకడం, గుడ్లు తీసేయడం, మిగిలిన గింజలు ఊడ్చేయడం, చివరికి బండ అడ్డంపెట్టడం. గింజలు ఊడ్వకపోతే వాటికోసం పందికొక్కు వస్తుంది, దాని వెనక పాము వస్తుంది. ఇది ఏ శిక్షణలోనూ చెప్పిన పాఠం కాదు. అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి చేతుల మీదుగా అందిన జ్ఞానం. మా అమ్మమ్మ నిద్రలో ఉండి కూడా కోడి ఊరికే కదిలిన చప్పుడుకూ, భయపడి అరిచిన చప్పుడుకూ తేడా పట్టేది. లాంతరు, కర్ర తీసుకుని ఎన్ని గంటలకైనా లేచి వెళ్ళేది. చీకటి పడ్డాక ఆడవాళ్ళు గడప దాటకూడదన్న ఇంట్లోనే, పిల్లిని తరమడానికి అర్ధరాత్రి బయటికెళితే ఎవరూ వద్దనేవారు కాదు.

ఈ శ్రమకు ప్రతిఫలం ఏమిటి? కోడి. పొలం మగవాడి పేరు మీద, పంట మగవాడి చేతిలో, ఎడ్లు మగవాడివి. కోడి మాత్రం ఆమెది. గుడ్లు అమ్మిన డబ్బుకు లెక్క చెప్పనక్కర్లేదు. బిడ్డకు జ్వరం వస్తే మందు, బడికి పలక, పుట్టింటినుంచి తమ్ముడొస్తే కూర, పోచమ్మకు మొక్కు... అన్నీ ఆ గూట్లోంచే. ఇది అన్ని కులాల స్త్రీల కథ కాదన్నది మరిచిపోకూడదు. కోడిని అంటుగా చూసిన ఇళ్ళలో ఈ సంపాదనా లేదు, ఈ కాపలా లేదు. భూమి లేని, బంగారం లేని దళిత, వెనకబడిన కులాల స్త్రీలకే కోడి బ్యాంకు అయింది.

అందుకే బండతో ఆగని శత్రువు కూడా ఉండేవాడు. నిజాం పాలనలోని తెలంగాణ పల్లెల్లో దొరకూ, ఊరికొచ్చిన అధికారులకూ వెట్టి కింద కోళ్ళు, గుడ్లు ఇచ్చుకోవలసి వచ్చేది. రాత్రి పిల్లి నుంచి కాచిన కోడిని పగలు పెద్దమనిషి మనిషి వచ్చి పట్టుకుపోయేవాడు. 1946-51 నాటి సాయుధ పోరాటం గురించి మాట్లాడేటప్పుడు భూమి, గింజలు, వెట్టి చాకిరీ అంటాం. వెట్టిలో పోయిన కోడి ఎవరి కోడి అని అడగం. ఆ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన పుస్తకానికి పెట్టిన పేరు 'మనకు తెలియని మన చరిత్ర'. కోళ్ళగూడు కూడా ఆ తెలియని చరిత్రలో ఒక మూల.

తెలిసిన చరిత్రలో ఉన్నది పుంజు. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడుల మధ్య కోడిపందెం రాజ్యాల తలరాత మార్చింది. ఓరుగల్లు వీధులను వర్ణించిన 'క్రీడాభిరామము'లో కోడిపందెం ఉంది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కూడా కోడిపందేలను పట్టించుకుంది. కోళ్ళ రంగులు, జాతకాలు, గెలిచే దిక్కులు చెప్పే కుక్కుట శాస్త్రం ఒకటి ఉండనే ఉంది. ఒక్క పూట కొట్టుకు చచ్చే పుంజుకు శాస్త్రం ఉంది. ఏడాదంతా గుడ్లు పెట్టే పెట్టను బతికించుకునే విద్యకు శాస్త్రం లేదు. నాగమ్మ లాంటి రాజకీయవేత్త కూడా పందెం కోడి పక్కనే గుర్తుండిపోయింది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో కోడి కథ మలుపు తిరిగింది. హైదరాబాద్‌కు చెందిన బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాడు. గుడ్ల ధరను రైతులే నిర్ణయించుకోవాలన్న ఆలోచనతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం వచ్చింది. తెలుగు నేల దేశంలో గుడ్ల ఉత్పత్తికి ముందు వరసలో నిలిచింది. తెల్ల లెగ్‌హార్న్ పెట్టలు తీగల బోనుల్లోకి వెళ్ళాయి. రాత్రి శత్రువు సమస్య అక్కడ తీరిపోయింది. షెడ్డు, కంచె, విద్యుద్దీపం, జీతానికి కాపలాదారు. కాపలా జీతమున్న పని అయ్యేసరికి అది మగవాడి ఉద్యోగమైంది, కోడి పెట్టుబడిదారు ఆస్తి అయింది. ఇంటి దగ్గర బండ అడ్డంపెట్టిన స్త్రీకి ఆ షెడ్లో గుడ్లు ఏరే కూలిపని దొరికింది.

ఇదే కాలంలో ఉప్పల్, నాచారం పొలాల్లో పారిశ్రామికవాడలు లేచాయి. చుట్టూ కాలనీలు, బస్తీలు పెరిగాయి. ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2017లో మెట్రో రైలు వచ్చింది. పెరడు గజాల్లోకి, గజాలు లక్షల్లోకి మారాయి. కొత్త ఫ్యాక్టరీల్లో స్త్రీలకు పనులు దొరికాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మాత్రం సాయంత్రం 7 నుంచి ఉదయం 6 దాకా ఆడవాళ్ళను పనిలో పెట్టకూడదంది. రాత్రి ప్రమాదం కనుక రక్షణ అన్నారు. రక్షణ అనే మాట ఎంత జాగ్రత్తగా వాడాలో కోళ్ళ గంప చెప్తుంది. గంప పిల్లిని ఆపుతుంది, కోడినీ ఆపుతుంది. పొద్దున ఎత్తే చెయ్యి ఎవరిదన్నదే ప్రశ్న. పైగా రాత్రి జీతం తెచ్చే పనికి అడ్డొచ్చిన చట్టానికి, అదే రాత్రి ఆమె ఇంట్లో జీతం లేకుండా చేసే కాపలా కనపడలేదు.

నగరానికి అటు చివర రాజేంద్రనగర్‌లో 1988లో కోళ్ళ పరిశోధనకు ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. ఇప్పుడది కోళ్ళ పరిశోధన సంచాలనాలయం. పెరట్లో పెంచడానికి వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది అక్కడే. రంగు ఈకలు, పొడుగు కాళ్ళు ఉంటే కోడి శత్రువు కంటపడకుండా, పరుగెత్తి తప్పించుకోగలదని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. మంచి ఆలోచనే. కానీ గుడ్లు ఎక్కువ పెట్టేలా ఎంపిక చేస్తూ పోయినకొద్దీ పొదిగే గుణం పోయింది. నాటుకోడి 21 రోజులు పొదిగి, పిల్లల్ని రాత్రంతా రెక్కల కింద దాచుకుని, పిల్లి వస్తే ముక్కుతో పొడిచేది. మెరుగైన రకాల పిల్లలకు ఆ తల్లి లేదు. తొలి ఐదారు వారాలు బల్బు వేడి కింద, ఎలుక దూరని చోట పెట్టి సాకాలి. కోడి నుంచి తీసేసిన తల్లితనం గాల్లో కలవలేదు, ఇంకో ఆడదాని పనిగా మారింది. దారిద్య్రరేఖ దిగువ కుటుంబాల కోసం 2009-10లో కేంద్రం మొదలుపెట్టిన పెరటికోళ్ళ పథకం పంచింది పిల్లల్ని. వాటి రాత్రులు ఎవరు చూసుకుంటారన్నది లబ్ధిదారు ఇంట్లో ఎలాగూ ఒక స్త్రీ ఉంటుందన్న నమ్మకం మీద వదిలేసింది.

లెక్కలు కూడా అంతే. జాతీయ నమూనా సర్వేల్లో ఇంటిపని చేసే స్త్రీలకు 92, 93 అని కోడ్‌లున్నాయి. ఇంటి కోళ్ళ పని చేస్తారా అని వాళ్ళని అదనంగా అడిగారు. చేస్తామన్నా వాళ్ళు శ్రామికుల లెక్కలోకి రారు. 2019లో దేశమంతటా తొలిసారి జరిగిన కాలవినియోగ సర్వే ఇంకొంచెం దగ్గరికొచ్చింది. రోజును అరగంట ముక్కలు చేసి, పది నిమిషాలకు తగ్గని పనుల్ని రాసుకుంది. గూడు మూయడానికి పట్టేది ఐదు నిమిషాలు. చెవి ఒకటి తెరిచి పడుకోవడం సర్వేలో నిద్ర. అదే 2019 పశుగణనలో పెరటి కోళ్ళు 31.7 కోట్లు తేలాయి. అంతకుముందు గణన కంటే దాదాపు 46 శాతం ఎక్కువ. పారిశ్రామిక కోళ్ళు పెరిగింది 4.5 శాతమే. పెరటి కోళ్ళు పాతకాలపు జ్ఞాపకమని అనుకునేవాళ్ళు ఈ అంకె దగ్గర ఆగాలి. ప్రతి కోడినీ లెక్కపెట్టిన దేశం వాటిని రాత్రి లోపలికి తోలే చేతుల్ని లెక్కపెట్టలేదు.

ఈనాటి బస్తీల్లో నక్క లేదు. వీధికుక్కలు, పిల్లులు, పందికొక్కులు ఉన్నాయి. చెరువుగట్లలో, పాత చెట్లలో మిగిలిన మానుపిల్లులూ ముంగిసలూ అడవిపిల్లులూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటికి బోను, విషం పెట్టడం నేరం. వాటి నివాసం పోగొట్టింది కూడా మన నగరమే కదా. కాబట్టి చేయగలిగింది పాత పద్ధతినే కొత్త సరుకుతో చేయడం. షడ్భుజి కన్నుల పలచటి కోళ్ళ జాలీ కోడిని లోపల ఉంచుతుందే తప్ప కుక్కను బయట ఉంచదు, పంటితో చించేస్తుంది. అర అంగుళం కన్నున్న వెల్డింగ్ జాలీ కావాలి. దాన్ని గోడ పొడుగునా దించి, నేల మీద అడుగు మేర బయటికి మడిచి బండలు పెడితే తవ్వే జంతువు అక్కడే ఆగుతుంది. నేలకు ఎత్తుగా గూడు, పైన కూడా కప్పు, లోపల కూర్చోడానికి అడ్డకర్ర, పంజాతో లాగినా ఊడని గడియ. ఇవన్నీ ఉన్నా పొద్దుగూకేవేళకు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. షిఫ్టు ముగించి బస్సుకోసం నిలబడ్డ స్త్రీకి కష్టమైంది అదే. జాలీకి ధర ఉంది, ఆ సాయంత్రానికి లేదు.

ఇది కోళ్ళ పెంపకం గురించిన చిన్న విషయంగా అనిపించవచ్చు. కానీ ఆస్తి ఎవరిదన్న ప్రశ్నకు కాగితం ఒక్కటే జవాబు కాదని ఇది చెప్తుంది. తెలంగాణ పెరళ్ళలో పట్టా లేకుండానే కోడి స్త్రీదైంది, ఎందుకంటే రాత్రి దానికోసం మేల్కొన్నది ఆమె. ఆ కాపలా ఆమె చేతుల్లోంచి షెడ్డుకు మారినప్పుడు యాజమాన్యమూ వెళ్ళిపోయింది. ఆమె దగ్గర మిగిలిన చోట మాత్రం ఊరికే వచ్చే పనిగా లెక్కలోంచి జారిపోయింది. ఇకమీదట మనం తల్లుల జీవితాలు రాసుకునేటప్పుడు, పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగేటప్పుడు, పొద్దున్నే ఏం చేసేవారని మాత్రమే కాక చీకటి పడ్డాక ఏం మూసేవారు, ఏ చప్పుడుకు లేచేవారు అని కూడా అడుగుదాం. ముసలమ్మ కోడి కూస్తే ఊరికి తెల్లారిందో లేదో గానీ, ఆ కోడి తెల్లారేదాకా బతికి ఉన్నది మాత్రం ముసలమ్మ వల్లనే.