ఉయ్యూరు చక్కెర కర్మాగారం

ఉయ్యూరు చక్కెర కర్మాగారం కృష్ణా జిల్లా ఉయ్యూరు పట్టణంలో నెలకొల్పబడిన పరిశ్రమ. 1930లలో రైతుల సహకార సంఘంగా మొదలైన ఈ కర్మాగారం 1941లో కె.సి.పి. కంపెనీ చేతికి వచ్చింది. ఒకే ఊరిలో, ఒకే పంటపై ఆధారపడి, సహకార పద్ధతి, పెట్టుబడిదారీ పద్ధతి ఒకదాని తరువాత ఒకటి అమలు జరిగాయి. అందువలన మానవ ప్రగతికి స్వప్రయోజనం, ప్రైవేటు పెట్టుబడి తప్పనిసరా అనే చర్చకు ఈ కర్మాగారం చరిత్రను ఒక ఉదాహరణగా పరిశీలించవచ్చును.

నేపథ్యం

ఉయ్యూరు విజయవాడ - మచిలీపట్నం రహదారిపై, కృష్ణా డెల్టాలో ఉంది. ఈ ప్రాంత వ్యవసాయానికి మూలం విజయవాడ వద్ద కృష్ణానదిపై 1852లో ప్రారంభమై 1855లో పూర్తయిన ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో దీనిని నిర్మించారు. 1957లో దీని స్థానంలో ప్రకాశం బ్యారేజి వాడుకలోకి వచ్చింది. కాలువల నీటితో వరి, చెరకు సాగు విస్తరించి, భూమి గల రైతుల వద్ద మిగులు ధనం చేరింది. ఈ మిగులు వ్యాపారం, సినిమా, పరిశ్రమలలోకి ప్రవహించిన తీరును సామాజిక శాస్త్రవేత్త కేరల్ ఉపాధ్య 1988లో ప్రచురించిన వ్యాసంలో వివరించింది. ఈ మిగులుకు ఆధారమైన ఆనకట్టను, కాలువలను నిర్మించినది ప్రభుత్వం.

చక్కెర పరిశ్రమ కూడా ప్రభుత్వ చర్యతోనే ఊపందుకుంది. 1932లో చేసిన చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం దిగుమతి చక్కెరపై సుంకం విధించి దేశీయ మిల్లులకు రక్షణ కల్పించింది. తరువాతి అయిదేళ్ళలో దేశంలోని చక్కెర మిల్లుల సంఖ్య సుమారు 30 నుండి 130కి పైగా పెరిగింది.

సహకార దశ

1933-35 మధ్య దేశంలో నాలుగు సహకార చక్కెర కర్మాగారాలు వెలిశాయి. వాటిలో మూడు ఆంధ్ర ప్రాంతానికి చెందిన ఏటికొప్పాక, తుమ్మపాల, ఉయ్యూరు కాగా, నాలుగవది సంయుక్త రాష్ట్రాలలోని (నేటి ఉత్తర ప్రదేశ్) బిస్వాన్. వీటిలో ఏటికొప్పాక కర్మాగారం సహకార సంఘంగానే దశాబ్దాలపాటు నడిచింది. ఉయ్యూరు సంఘం నిలదొక్కుకోలేకపోయింది.

సహకార కర్మాగారంలో రైతుకు రెండు పాత్రలు ఉంటాయి. చెరకు అమ్మేవానిగా అతడు అధిక ధర కోరుకుంటాడు. యజమానిగా యంత్రాల మరమ్మతుకు, విస్తరణకు కొంత సొమ్ము మిగల్చవలసి ఉంటుంది. బెల్లం ధర పెరిగిన సంవత్సరంలో సభ్యుడు తన చెరకును బెల్లం వండేవారికి మళ్ళిస్తే అతనికి లాభం, అతని స్వంత కర్మాగారానికి నష్టం. కనుక సహకార పద్ధతిలో స్వప్రయోజనం తొలగిపోదు. నేటి లాభాన్ని రేపటి లాభం కోసం కొంత వదులుకొనేలా సభ్యులను ఒప్పించడమే ఆ పద్ధతిలోని ప్రధాన సమస్య.

కంపెనీ దశ

ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసిన వెలగపూడి రామకృష్ణ 1941లో కె.సి.పి. సంస్థను స్థాపించి ఉయ్యూరు కర్మాగారాన్ని చేపట్టాడు. ఇక్కడ మొదలైన సంస్థ క్రమంగా ఇతర రంగాలకు విస్తరించింది. మద్రాసు తిరువొత్తియూరులో భారీ యంత్రాల తయారీ, 1958లో గుంటూరు జిల్లా (నేటి పల్నాడు జిల్లా) మాచర్లలో సిమెంటు ఉత్పత్తి ప్రారంభమయ్యాయి. కృష్ణా జిల్లాలోనే లక్ష్మీపురం చక్కెర కర్మాగారం కూడా సంస్థ అధీనంలోకి వచ్చింది. 1990లలో చక్కెర వ్యాపారం కె.సి.పి. షుగర్ అండ్ ఇండస్ట్రీస్ కార్పొరేషన్ అనే వేరు కంపెనీగా ఏర్పడింది. వియత్నాంలోని ఫూ యెన్ రాష్ట్రంలో కూడా కె.సి.పి. చక్కెర పరిశ్రమ నెలకొంది.

విజయవాడలో 1977లో మొదలైన ఇంజనీరింగు కళాశాలకు వెలగపూడి రామకృష్ణ పేరు పెట్టారు. ఉయ్యూరులోని ఏ.జి. అండ్ ఎస్.జి. సిద్ధార్థ కళాశాల పేరులో "ఎస్.జి." అంటే చెరకు రైతులు.

రైతు - కర్మాగారం సంబంధం

చెరకు నిలువ ఉండే పంట కాదు. నరికిన తరువాత ఆలస్యమైన కొద్దీ అందులోని చక్కెర శాతం, బరువు తగ్గుతాయి. వీలైతే ఒక రోజులోపే గానుగ ఆడాలి. దూరపు మిల్లుకు తోలితే రవాణా ఖర్చు లాభాన్ని మింగివేస్తుంది. కాబట్టి రైతుకు దగ్గరలోని మిల్లు తప్ప వేరే కొనుగోలుదారు ఉండడు. సీజనులో చెరకు అందకపోతే మిల్లు కూడా నష్టపోతుంది. కాని తోట ఎండిపోతున్న రైతుకు ఉన్న ఓపిక మిల్లుకు ఉన్నంత కాదు. పోటీ ఉన్నచోట స్వప్రయోజనం ఇరుపక్షాలకూ మేలు చేస్తుందనే సూత్రం ఇక్కడ పూర్తిగా వర్తించదు.

ఈ అసమానతను సరిదిద్దడానికే చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966 వచ్చింది. దీని ప్రకారం చెరకుకు కనీస ధరను ప్రభుత్వం నిర్ణయిస్తుంది. చెరకు అందిన 14 రోజులలోగా సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే సాలుకు 15 శాతం వడ్డీ ఇవ్వాలి. ఏ ప్రాంతపు చెరకు ఏ మిల్లుకు చేరాలో నిర్ణయించే అధికారం కూడా ఇందులో ఉంది. 2009 నుండి కనీస ధర స్థానంలో "న్యాయమైన, లాభదాయకమైన ధర" విధానం అమలవుతున్నది. 2012లో సి.రంగరాజన్ కమిటీ చక్కెర, ఉప ఉత్పత్తుల విలువలో 70 శాతాన్ని రైతులకు ఇవ్వాలని సూచించింది.

సిద్ధాంత చర్చ

ఆడం స్మిత్ 1776లో వెలువరించిన గ్రంథంలో, ఎవరి లాభం కోసం వారు చేసే పని మార్కెట్టు ద్వారా సమాజానికి ఉపకరిస్తుందని వాదించాడు. అంతకు ముందు, 1759లో ప్రచురించిన గ్రంథంలో ఇతరుల పట్ల సానుభూతి మానవ స్వభావంలో భాగమని వివరించాడు. కార్ల్ మార్క్స్ పెట్టుబడిదారీ విధానం ఉత్పత్తి శక్తులను అపూర్వంగా పెంచిందని అంగీకరిస్తూనే, ఆ సంపద శ్రామికుల అదనపు శ్రమ నుండి వస్తుందని చెప్పాడు. క్రొపోట్కిన్ 1902లో పరస్పర సహాయం కూడా పరిణామానికి కారణమని ప్రతిపాదించాడు. ఎలినోర్ ఆస్ట్రోమ్ 1990లో ప్రచురించిన గ్రంథంలో, నీరు, అడవి వంటి ఉమ్మడి వనరులను ప్రజలు తమ నియమాలతో తామే కాపాడుకోగలరని ఉదాహరణలతో చూపింది. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ చర్చ ఉయ్యూరు ప్రాంతానికి కొత్తది కాదు. చుట్టుపక్కల కాటూరు వంటి గ్రామాలలో 1940లలో కమ్యూనిస్టు ఉద్యమం బలంగా సాగింది. సమీపంలోని ముదునూరులో గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు. ఆయన ఆర్థిక సమానత కోసం కూడా కృషి చేశాడు. ఈ కేంద్రం 1947లో విజయవాడకు మారింది.

ఇతర సహకార సంస్థలతో పోలిక

ఉయ్యూరు అనుభవం ఒక్కదానినే చూస్తే, సహకారం విఫలమవుతుందనీ, పెట్టుబడి నెగ్గుతుందనీ తోచవచ్చును. 2000ల తొలినాళ్ళలో అదే జిల్లాలోని హనుమాన్ జంక్షన్ సహకార చక్కెర కర్మాగారం కూడా ప్రైవేటు యాజమాన్యానికి మారడం ఈ అభిప్రాయానికి బలం చేకూర్చింది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణలు కూడా ఉన్నాయి. మహారాష్ట్రలోని ప్రవరానగర్‌లో విఠల్‌రావు విఖే పాటిల్, ఆర్థికవేత్త ధనంజయరావు గాడ్గిల్ కృషితో ఏర్పడిన సహకార చక్కెర కర్మాగారం 1950లో ఉత్పత్తి ప్రారంభించి, ఆ రాష్ట్రంలో పెద్ద సహకార ఉద్యమానికి నాంది పలికింది. కృష్ణా జిల్లాలోనే పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ "విజయ" పేరుతో ప్రైవేటు డెయిరీల పోటీని తట్టుకొని నిలిచింది. ప్రభుత్వ జోక్యాన్ని తగ్గించి సభ్యులకు స్వతంత్ర నిర్వహణాధికారం ఇచ్చిన 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఈ యూనియన్ పనిచేస్తున్నది. పాలు కూడా చెరకు వలెనే నిలువ ఉండవు. అయితే పాలకు రోజూ రాబడి ఉంటుంది. చెరకు రైతు పంట చేతికి రావడానికి సుమారు సంవత్సరం ఎదురు చూడాలి.

పరిమితులు

సహకార దశలోగాని, కంపెనీ దశలోగాని చర్చ ఎక్కువగా చెరకు రైతు, యాజమాన్యం మధ్యనే సాగింది. సహకార సంఘంలో సభ్యత్వం చెరకు పండించేవారికే పరిమితం కనుక, చెరకు నరికే కూలీలకు లాభంలో వాటా సాధారణంగా ఉండదు. కౌలు రైతులకు లిఖిత ఒప్పందం లేకపోవడం వలన బ్యాంకు రుణం, బకాయిలపై హక్కు దొరకడం కష్టం.

ఇటీవలి దశాబ్దాలలో డెల్టాలో చెరకు సాగు విస్తీర్ణం తగ్గింది. నరికే కూలీల కొరత, పెరిగిన ఖర్చులు ఇందుకు ముఖ్య కారణాలు. గిట్టుబాటు కాని పంటను రైతు మానుకోవడం స్వప్రయోజనమే. 1932 నాటి సుంకంతో, 1855 నాటి కాలువ నీటితో, 1966 నాటి ఉత్తర్వు రక్షణతో సాగిన ఈ పరిశ్రమలో స్వప్రయోజనం ఎప్పుడూ ఉంది. అది ఎవరికి మేలు చేసిందన్నది మాత్రం అప్పటి నియమాలపైన, ఆ నియమాల రూపకల్పనలో ఎవరికి చోటు దక్కిందన్న దానిపైన ఆధారపడింది.