పిడికెడు బియ్యం, వారానికి రెండు సెంట్లు: స్త్రీల సమాజాలు మోసిన సువార్త పని



మన సంఘ చరిత్ర చెప్పమంటే మనం వరుసగా పేర్లు చెబుతాము. ఫలానా దొరగారు ఫలానా సంవత్సరంలో వచ్చారు, ఫలానా చోట గుడి కట్టించారు, ఫలానా పాస్టరు గారు ఇన్నేళ్ళు సేవ చేశారు అని. ఆ పేర్లు చెప్పుకోవలసిందే. అయితే ఆ మిషనరీల ఓడ ఖర్చు ఎవరు పెట్టారు? బాలికల బడిలో పంతులమ్మకు జీతం ఎక్కడి నుంచి వచ్చింది? గ్రామాలు తిరిగిన బైబిలు స్త్రీకి నెల నెలా బియ్యం ఎవరి ఇంటి నుంచి వెళ్ళాయి? ఇలా అడుగుతూ పోతే చాలాసార్లు జవాబు స్త్రీల సమాజం దగ్గర దొరుకుతుంది. ఈ వారం ఆ సంగతి ధ్యానిద్దాము.

ఇది కొత్త సంగతి కాదు. లూకా 8వ అధ్యాయం మొదటి మూడు వచనాలు తీసి చూడండి. ప్రభువు పట్టణాలు, గ్రామాలు తిరుగుతూ సువార్త ప్రకటించిన రోజుల్లో ఆయనకు, పన్నెండుమందికి తమ ఆస్తిలోనుంచి ఉపచారం చేసినవారు మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు. ఫిలిప్పీలో పౌలు మొదట దిగిన ఇల్లు ఊదారంగు పొడి అమ్మే లూదియ ఇల్లు. యొప్పేలో దొర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు పేతురుకు చూపించి ఏడ్చారు. సువార్త నడిచిన ప్రతిచోటా దాని వెనుక ఒక వంటిల్లు, ఒక సూది, ఒక చిన్న సంచి కనిపిస్తాయి.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాము. తుని, కాకినాడ, బొబ్బిలి, శ్రీకాకుళం, యలమంచిలి, మన నర్సీపట్నం, ఇవన్నీ కెనడియన్ బాప్టిస్టు మిషన్ పనిచేసిన చోట్లు. ఆ మిషన్ 1874లో కాకినాడలో మొదలైందని, జాన్ మెక్లారిన్ గారు మొదటి మిషనరీ అని మనకు తెలుసు. ఆయనకంటే ముందే అక్కడ మన తెలుగువాడైన తామస్ గబ్రియేలు గారు సువార్త ప్రకటించారు. ఆ మిషన్ మొదలవడానికి నాలుగేళ్ళ ముందు, సముద్రాల అవతల జరిగిన ఒక సంగతి మాత్రం మనలో చాలామంది వినలేదు.

కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా అనే ప్రాంతం ఉంది. అక్కడ కాన్సో అనే ఊరు చేపలవేట మీద బతికేది. ఆ ఊళ్ళో పుట్టిన హన్నా మరియా నోరిస్ అనే ఉపాధ్యాయురాలు బర్మాకు మిషనరీగా వెళ్ళాలని ఆశపడింది. మిషన్ బోర్డును అడిగితే, పెళ్ళికాని స్త్రీని పంపడానికి డబ్బు లేదన్నారు. మీ సహోదరీలనే అడిగి చూడమన్నారు. ఆమె ఆ మాటనే పట్టుకుంది. 1870 జూన్‌లో కాన్సోలో మొదటి స్త్రీల మిషనరీ సహాయ సమాజం ఏర్పాటు చేసింది. ఆ వేసవిలోనే ఊరూరా తిరిగి ముప్పైకి పైగా సమాజాలను నిలబెట్టింది. అదే సంవత్సరం ఓడ ఎక్కింది.

ఆ ప్రాంతం నుంచి వచ్చిన మిషనరీలు మొదట బర్మా, సయాం వైపు పనిచేసి, 1875లో తెలుగు దేశానికి వచ్చారు. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ గారిని పెళ్ళాడిన హన్నా కూడా వారితో వచ్చింది. వారిద్దరూ శ్రీకాకుళంలో సేవ చేశారు. తర్వాత మళ్ళీ బర్మా వెళ్ళినప్పుడు అక్కడికి కూలిపనులకు వలస వచ్చిన తెలుగు, తమిళ ప్రజల మధ్యనే పనిచేశారు. మన ఉత్తరాంధ్ర నుంచి ఎన్ని కుటుంబాలు రంగూను వెళ్ళాయో మన తాతల మాటల్లో వినే ఉంటారు.

1876లో ఒంటారియో, క్విబెక్ ప్రాంతాల స్త్రీలు కూడా సమాజాలుగా కూడారు. అందుకు వారిని ప్రోత్సహించినవారిలో ఎ.వి. టింపనీ గారు ఒకరు. కాకినాడలోను, విశాఖపట్నంలోను టింపనీ స్కూళ్ళు ఆ పేరుతో ఉన్నవే. 1878 నుంచి ఆ స్త్రీలు కెనడియన్ మిషనరీ లింక్ అనే పత్రిక నడిపారు. తెలుగు దేశం నుంచి వెళ్ళిన ఉత్తరాలు అందులో అచ్చయ్యేవి. వాటిని కూటాల్లో చదువుకుని, మన ఊళ్ళ పేర్లు నోరు తిరగకపోయినా పలికి ప్రార్థించారు.

వారు ధనవంతులనుకోకండి. నెల్లూరు వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు స్త్రీల సమాజం 1871లో మొదలైనప్పుడు సభ్యురాలిని అడిగినది వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన. ఏడాదికి లెక్కేస్తే ఒక డాలరు నాలుగు సెంట్లు. ఇలాంటి చిన్న కానుకల మీదే మన తీరంలో స్త్రీల ఆసుపత్రుల పని నడిచింది. ఆకివీడులో డాక్టర్ పెర్ల్ చ్యూట్, వుయ్యూరులో డాక్టర్ గెర్‌ట్రూడ్ హ్యూలెట్, పిఠాపురంలో డాక్టర్ జెస్సీ ఆలిన్ సేవ చేశారు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వెనుక నిలిచింది లూథరన్ స్త్రీల సమాజం. మగ వైద్యుడి ముందుకు రాలేక కాన్పులో ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీలు ఉన్న రోజులవి. ఎక్కడో ఒక ఇల్లాలు కూడబెట్టిన చిల్లర ఇక్కడ ఒక తల్లి ప్రాణం నిలిపింది.

అయితే కథ అక్కడితో ఆగిపోతే మనం ఎప్పటికీ పుచ్చుకునేవారమే అవుతాము. ప్రభువు మన స్త్రీలను అలా ఉంచలేదు.

తునిలో ఎవా రోజ్ యార్క్ బైబిలు ట్రైనింగ్ స్కూలు మన తెలుగు స్త్రీలను వాక్యంలో తయారు చేసింది. మిస్సమ్మలు వెళ్ళలేని ఇళ్ళలోకి బైబిలు స్త్రీలు వెళ్ళారు. పెరటి గుమ్మం దగ్గర కూర్చుని అక్షరాలు నేర్పారు, జబ్బుగా ఉన్న బిడ్డకు కాపడం పెట్టారు, ఆ తర్వాతే పుస్తకం తెరిచారు. వారి పేర్లు శిలాఫలకాల మీద కనబడవు.

తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అలవాటు కూడా అలాగే వేళ్ళూనింది. దోర్నకల్ అధ్యక్ష మండలంలో బిషప్ అజరయ్య గారు పేద విశ్వాసులకు ఇవ్వడం నేర్పినప్పుడు, చేతిలో డబ్బు లేని కూలి స్త్రీలకు దొరికిన దారి ఇదే. ఎసరులో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం. ఈశాన్యాన మిజోరం స్త్రీలు కూడా 1910 ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టారు. మొదట అది బైబిలు స్త్రీల పోషణకు ఉపయోగపడింది. ఈనాడు మిజో సంఘాలు తమ మిషనరీలను ఎన్నో చోట్లకు పంపుతున్నాయంటే, ఆ బియ్యం దానికి ఒక పునాది.

లెక్క వేసి చూడండి. పిడికెడు 40 గ్రాములనుకుందాం. రెండు పూటలకు 80 గ్రాములు. నెలకు దాదాపు 2 కిలోల 400 గ్రాములు. నలభై ఇళ్ళున్న చిన్న సంఘంలో నెలకు 96 కిలోలు. ఒక సువార్తికుని కుటుంబం తినగా ఇంకా మిగులుతాయి. సారెపతు విధవరాలి తొట్టిలో ఉన్నది కూడా పట్టెడు పిండే కదా. ఆమె ముందుగా ఏలీయాకు అప్పము చేసింది, తర్వాతే తనకు, తన కుమారునికి. పిడికెడు బియ్యంలోనూ ఆ క్రమమే ఉంది. ఇంట్లోవారు తిన్నాక మిగిలినది కాదు, పొయ్యి మీద పెట్టకముందే తీసినది.

తెలుగువారు పంపినవారు కూడా అయ్యారు. చెరకు తోటల్లో పనికని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్ళిన మనవారికి కాపరి లేడని విన్నప్పుడు, తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సమాజం 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా పంపింది. ఒకప్పుడు బయటివారి సెంట్లు అందుకున్న సంఘాలు ముప్పై ఏళ్ళు దాటగానే తమ కానుకతో సముద్రం దాటించాయి.

ప్రియులారా, ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మన సంఘాల్లో ఆ కుండ ఖాళీ అవుతున్నది. గ్యాసు పొయ్యి, కుక్కరు వచ్చాయి, తొందర పెరిగింది. ఆ మాత్రం బియ్యం ఏం చేసుకుంటారులే అని చిన్నవాళ్ళు నవ్వుతున్నారు. అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. స్త్రీలు మిషన్ పనికని కూడబెట్టిన సొమ్మును, వారిని ఒక్క మాట అడగకుండా, గుడి శ్లాబుకో, మైకుసెట్టుకో మళ్ళించే సంఘాలు ఉన్నాయి. గుడి అవసరమే. గుడికీ ఆ తల్లులే ఇస్తున్నారు. కానీ సువార్త కోసం తీసిన పిడికెడు సువార్తకే చేరాలి. మళ్ళించిన మరుసటి నెల కుండ ఎందుకు తగ్గిందని పెద్దలు ఆశ్చర్యపోనక్కరలేదు.

పాత సమాజాల నుంచి మూడు సంగతులు నేర్చుకుందాము.

మొదటిది, క్రమం. పండుగకు ఒక్కసారి ఇచ్చే వెయ్యికంటే ప్రతి పూట తీసే పిడికెడు మిషనరీని నిలబెడుతుంది. ఆయనకు ఆకలి పండుగనాడు మాత్రమే వేయదు.

రెండవది, పేరు తెలిసి ప్రార్థించడం. మన కానుక చింతపల్లి వైపు వెళ్ళినా, కొయ్యూరు వైపు వెళ్ళినా, అక్కడ పనిచేసే కుటుంబం పేరు, వారి పిల్లల పేర్లు మన స్త్రీల కూటంలో వినబడాలి. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినాన దూరదేశాల స్త్రీల కోసం మోకరిస్తున్నాము. మన మన్యంలో ఘాట్ ఎక్కి నడిచే సేవకుని భార్య కోసం కూడా అలాగే మోకరించాలి.

మూడవది, నిర్ణయం. కాన్సో స్త్రీలు డబ్బు ఇచ్చి ఊరుకోలేదు, ఎవరిని పంపాలో కూడా వారే తేల్చుకున్నారు. సంఘ పెద్దలకు నా మనవి: స్త్రీల సమాజం లెక్క పుస్తకం వారి చేతిలోనే ఉండనివ్వండి. ఎవరికి పంపాలో వారినే ప్రార్థించి నిర్ణయించనివ్వండి. ఏడాదికొకసారి ఆ లెక్క ఆరాధనలో చదివించండి. రాబోయే తరం ఆడపిల్లలు అది వినాలి.

పరలోకపు తండ్రీ, పేర్లు రాయబడని మా తల్లులను నీవు ఎరుగుదువు. వారి పిడికెళ్ళను నీవు లెక్కపెట్టావు. మా ఇళ్ళలో ఆ కుండను మళ్ళీ నింపుము. మా స్త్రీల చేతి కానుకను నమ్మకంగా చేర్చే హృదయం మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.