ప్లూరోన్యుమోనియా: పశువుల రక్తపరీక్ష చరిత్ర

దగ్గుతున్న ఆవు పక్కటెముకల దగ్గర చెవి పెడితే గరగర వినిపిస్తుంది. అది దేనివల్లో మాత్రం తెలియదు. దుమ్ముకు వచ్చే దగ్గు, ఊపిరితిత్తుల్లో చేరిన పురుగుల వల్ల వచ్చే దగ్గు, క్షయ దగ్గు, మందనంతా ఊడ్చుకుపోయే అంటురోగపు దగ్గు తొలిరోజుల్లో ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. పశువుల శ్వాసకోశ వ్యాధిని రక్తంలో పట్టుకోవాలన్న ప్రయత్నం ఈ చిక్కులోంచే పుట్టింది. ఆ ప్రయత్నాల్లో ఎక్కువకాలం సాగింది సాంక్రామిక ప్లూరోన్యుమోనియా కథ. పశువైద్యులు దీన్ని పొడి అక్షరాల్లో సీబీపీపీ అంటారు.

ఈ వ్యాధికి కారణం మైకోప్లాస్మా మైకాయిడెస్ అనే సూక్ష్మజీవి. దగ్గినప్పుడు చిమ్మే తుంపర్లతో పక్క పశువుకు సోకుతుంది. ఊపిరితిత్తి గట్టిపడుతుంది, కోసి చూస్తే చారల పాలరాయిలా కనిపిస్తుంది. ఛాతీలో లీటర్ల కొద్దీ పసుపు నీరు చేరుతుంది. లక్షణాలు పైకి తేలడానికి మూడు వారాలు పట్టవచ్చు, కొన్ని నెలలూ పట్టవచ్చు. ఆలోగా ఆ పశువు సంతలో చేతులు మారిపోతుంది, ఓడెక్కి ఖండం దాటిపోతుంది.

19వ శతాబ్దంలో అదే జరిగింది. 1843లో బ్రూక్లిన్ పాల వ్యాపారి ఒకరు ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఓడలోని ఆవును కొన్నాడు. జబ్బు అమెరికాలో అడుగుపెట్టింది. 1853లో ఐరోపా ఆబోతులతో దక్షిణాఫ్రికా చేరింది. అక్కడి ఖోసా ప్రజల పశువులు కుప్పకూలుతున్న ఆ రోజుల్లోనే, మిగిలిన పశువుల్ని కూడా చంపేస్తే చనిపోయిన పూర్వీకులు తిరిగి లేస్తారని నోంగ్‌ఖావుసే అనే బాలిక చెప్పిన జోస్యాన్ని జనం నమ్మారు. 1856-57లో పశువులూ పోయాయి, వేలమంది ఆకలికి బలయ్యారు. 1858లో ఇంగ్లండ్ నుంచి తెచ్చిన పశువుల వెంట జబ్బు మెల్‌బోర్న్‌లో దిగింది. అక్కడి నుంచి ఎడ్లబండ్ల దారుల వెంబడి ఆస్ట్రేలియా లోపలికి పాకింది.

పరీక్ష ఉన్నా లేకపోయినా మనిషి ఏదో ఒకటి చేయక మానడు. బెల్జియంలోని హాసెల్ట్ పట్టణపు వైద్యుడు లూయీ విలెమ్స్ 1852లో ఓ మొరటు టీకా ప్రకటించాడు: జబ్బు పశువు ఊపిరితిత్తి రసాన్ని ఆరోగ్యంగా ఉన్న పశువు తోక కొసలో ఎక్కించడం. కొన్నిటికి తోకలు కుళ్లి ఊడిపోయాయి. అయినా పద్ధతి ఖండాలు దాటింది. అమెరికా మరో దారి పట్టింది. 1884లో పశు పరిశ్రమ బ్యూరోను స్థాపించి, జబ్బు పశువుల్నీ వాటితో కలిసి మెలిగినవాటినీ కొనిమరీ వధించి, 1892 నాటికి రోగాన్ని దేశం నుంచి వెళ్లగొట్టింది. అప్పటికి రక్తపరీక్ష సంగతి అటుంచి, రోగకారకం ఏమిటో కూడా ఎవరికీ తెలియదు.

తెలిసింది 1898లో. పాస్చర్ సంస్థలో ఎడ్మండ్ నొకార్, ఎమీల్ రూ తమ సహచరులతో కలిసి చేసిన పని చూస్తే వాళ్ల ఓపికకు ముచ్చటేస్తుంది. పశువు ఛాతీ రసం చుక్కను మాంసపు రసంలో కలిపి, కొలోడియన్ పొరతో చేసిన చిన్న సంచిలో పోసి, కుందేలు పొట్టలో అమర్చారు. రెండు వారాలు దాటాక తీస్తే రసం కాస్త మసకబారింది. శక్తిమంతమైన సూక్ష్మదర్శిని కింద కదిలే చుక్కలు కనిపించాయి, అంతే. మైకోప్లాస్మా జాతి జీవుల్లో మనిషి కంటపడ్డ మొదటిది అదే. కణానికి గోడ లేదు గనుక పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదన్న సంగతి చాలాకాలం తర్వాత తేలింది.

రక్తపరీక్షకు దారి మనుషుల వైద్యం నుంచి వచ్చింది. రోగాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీ తన శత్రువును పట్టుకున్నప్పుడు కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల గుంపు అక్కడికక్కడే ఖర్చయిపోతుందని 1901లో జూల్ బోర్డే, ఆక్తావ్ జెంగూ చూపారు. 1906లో వాసర్మాన్ దాన్ని సిఫిలిస్ పరీక్షగా మలిచాడు. పశువుల ప్లూరోన్యుమోనియాకు నమ్మదగిన రూపంలో దాన్ని 1936లో అందించినవారు ఆస్ట్రేలియా సీఎస్‌ఐఆర్ పరిశోధకులు క్యాంప్‌బెల్, టర్నర్. (మన హైదరాబాద్ ప్రయోగశాలలున్న సీఎస్‌ఐఆర్‌తో దీనికి సంబంధం లేదు.) 1953లో వాళ్లే దాన్ని మెరుగుపరిచారు. ఆ పరీక్ష నేటికీ వాళ్ల పేర్లతోనే నడుస్తోంది.

పరీక్ష తీరు విచిత్రం. ఆవు మెడ సిర నుంచి రక్తం తీసి, గడ్డకట్టాక పైకి తేలిన సీరమ్‌ను వేరు చేస్తారు. 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట వేడి చేస్తే అందులోని సొంత కాంప్లిమెంట్ నశిస్తుంది. ఆపై మైకోప్లాస్మాతో తయారైన యాంటీజెన్‌ను (యాంటీబాడీ పట్టుకునే పదార్థాన్ని), గినీపంది రక్తం నుంచి కొలిచి తీసిన కాంప్లిమెంట్‌ను కలుపుతారు. చివర్లో గొర్రె ఎర్రకణాలను, వాటిని పగలగొట్టించే కుందేలు యాంటీబాడీతో సహా వేస్తారు. ఆవుకు జబ్బు తగల్లేదనుకోండి, కాంప్లిమెంట్ మిగిలే ఉంటుంది. ఎర్రకణాలు పగిలి నీరంతా ఎరుపెక్కుతుంది. జబ్బు సోకి ఉంటే కాంప్లిమెంట్ అప్పటికే ఖర్చయిపోయి ఎర్రకణాలు చెక్కుచెదరకుండా అడుగున గుండీలా కూర్చుంటాయి. నాలుగు జంతువుల రక్తం ఒకే గొట్టంలో! ప్రతిదాన్నీ తూచినట్టు కొలవాలి. నమూనా ఎండలో పాడైతే ఫలితమూ పాడే.

ఊళ్లో, మంద దగ్గరే చేయదగ్గ పరీక్ష కూడా వచ్చింది. రంగు వేసిన యాంటీజెన్ చుక్కలో రక్తపు చుక్కో సీరమ్ చుక్కో కలిపితే జబ్బున్నచోట గింజలు గింజలుగా విరుగుతుంది. చవక, తొందర. అయితే జబ్బు తొలిదశ దాటాక ఇది తరచు మౌనం వహిస్తుంది.

అసలు చిక్కు కోలుకున్నట్టు కనిపించే పశువులతో వచ్చింది. చచ్చిన ఊపిరితిత్తి ముక్క చుట్టూ గట్టి తొడుగు ఏర్పడి, లోపల మైకోప్లాస్మా నెలల తరబడి బతికే ఉంటుంది. తొడుగు దాటి రక్తంతో దానికి పొత్తు తగ్గేకొద్దీ యాంటీబాడీలూ తగ్గుతాయి. పశువు మేస్తుంది, నెమరేస్తుంది, పరీక్షలో తప్పించుకుంటుంది. ఇంకోవైపు, కొత్తగా టీకా వేసిన ఆరోగ్యవంతమైన పశువు రక్తంలో యాంటీబాడీలు కనిపించి అనుమానం రేపుతాయి. అందుకే ఈ పరీక్షతో తీర్పు చెప్పాల్సింది ఒక్క ఆవు గురించి కాదు, మంద మొత్తం గురించి అన్న పద్ధతి స్థిరపడింది. ఆస్ట్రేలియా గెలిచింది అలాగే: కబేళాలో ఊపిరితిత్తుల్ని కోసి చూడటం, గాయం కనిపిస్తే ఆ పశువు ఏ మంద నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి రక్తం తీయడం, మందల కదలికల్ని కట్టడి చేయడం. అక్కడ చివరి కేసు 1967లో కనిపించింది. 1973లో దేశం వ్యాధిరహితమని ప్రకటించుకుంది.

తెలుగు రైతులకు ఇక్కడ ఓ పోలిక పనికొస్తుంది. వానాకాలంలో గొంతువాపు, గురక వ్యాధి అని పిలుచుకునే జబ్బు కూడా ఊపిరి ఆడనివ్వదు, కానీ దాని కారకం పాశ్చురెల్లా. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది గనుక యాంటీబాడీ పుట్టేదాకా ఆగితే మిగిలేది కళేబరమే. అక్కడా రక్తమే చూస్తారు, కాకపోతే పలక మీద పలచగా పూసి, రంగు వేసి, రెండు కొసల దగ్గర ముదురు రంగు పట్టిన బాక్టీరియాను సూక్ష్మదర్శిని కింద వెతుకుతారు.

మళ్లీ ప్లూరోన్యుమోనియా కథకు వస్తే, దాదాపు శతాబ్దంగా ఆ జబ్బు లేని ఇటలీలో 1990లో అది మళ్లీ తలెత్తింది. 1995లో బోట్స్వానాలోని ఎన్‌గామిలాండ్‌లో బయటపడ్డప్పుడు ఆ ప్రాంతపు సుమారు 3,20,000 పశువుల్ని వధించాల్సి వచ్చింది. 1998లో ఫ్రాన్స్‌కు చెందిన ల గోఫ్, తియోకూర్ పోటీ పద్ధతి ఎలైసా అనే కొత్త రక్తపరీక్షను ప్రచురించారు. ఎలుక నుంచి తయారుచేసిన ఒకే రకం యాంటీబాడీ, ఆవు యాంటీబాడీ ఒకే యాంటీజెన్ కోసం పోటీ పడతాయి. ఆవుది గెలిస్తే రంగు తగ్గుతుంది. గొర్రె కణాలూ గినీపంది కాంప్లిమెంటూ అక్కర్లేదు, ఒక్క పలకలో డజన్ల కొద్దీ నమూనాలు తేలిపోతాయి. పాత పరీక్ష జబ్బును కాస్త ముందుగా పసిగడుతుంది, కొత్తది ఎక్కువకాలం గుర్తుంచుకుంటుంది. అందుకే పాతది ఇంకా అటకెక్కలేదు.

భారతదేశంలో ఈ రోగం చివరి స్థావరం అస్సాం. టీకాలు ఆపి, నిఘా సాగించి, నమూనాలు పరీక్షించాక 2007లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ మన దేశాన్ని వ్యాధిరహితంగా గుర్తించింది. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో మాత్రం అది ఇప్పటికీ మందల మధ్య తిరుగుతూనే ఉంది. అక్కడి పశువైద్యులు ముందు కబేళాలో ఊపిరితిత్తిని తిరగేసి చూస్తారు, ఆ తర్వాతే సూదీ గొట్టం పట్టుకుని మంద దగ్గరకు బయలుదేరతారు.